పేరేమో సర్కిల్ లైన్, మరి ఎడ్జ్‌వేర్ రోడ్‌లో అందరినీ ఎందుకు దింపేస్తారు?

లండన్_కొత్తకాపు:

నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. లండన్ వచ్చి ఆరు వారాలైంది, ఉండేది బేస్‌వాటర్ స్టేషన్‌కి దగ్గర్లోనే. నిన్న కింగ్స్ క్రాస్‌లో ఊరి బయటికి పోయే రైలు పట్టుకోవాలి. మ్యాప్ చూస్తే పసుపు గీత బేస్‌వాటర్ నుంచి ప్యాడింగ్టన్, ఎడ్జ్‌వేర్ రోడ్, బేకర్ స్ట్రీట్ మీదుగా సాఫీగా కింగ్స్ క్రాస్‌కి పోతోంది. పేరు కూడా సర్కిల్ లైనే కదా, ఎక్కి కూర్చుంటే అదే తీసుకెళ్తుంది అనుకుని పెద్ద పెట్టె కాళ్ల ముందు పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నా.

రెండో స్టేషన్‌కే బోగీ మొత్తం ఖాళీ. ఏదో అనౌన్స్‌మెంట్ వచ్చినట్టుంది, పాటల్లో వినపడలేదు. తల ఎత్తేసరికి నేనొక్కడినే. గబగబా దిగితే ఎదురు ప్లాట్‌ఫాంలో ఇంకో సర్కిల్ లైన్ బండి తలుపులు తెరుచుకుని ఉంది. ఓహో, ఇందులోకి మారాలన్నమాట అని దూకేశా. అది కదిలి, ఆగిన స్టేషన్ పేరు చూస్తే ప్యాడింగ్టన్! ఇందాకే దాటొచ్చిన ప్యాడింగ్టన్. కానీ అది కాదు, ఇది వేరే. ప్లాట్‌ఫాం నంబర్లు 15, 16 అని ఉన్నాయి. పది నిమిషాల్లో ఒకే లైన్ మీద ఒకే పేరున్న స్టేషన్‌కి రెండుసార్లు వచ్చా, రెండుసార్లూ వేరే చోట దిగినట్టుంది. కింగ్స్ క్రాస్‌లో నా రైలు వెళ్లిపోయిందని వేరే చెప్పక్కర్లేదు, తప్పు నాదే.

అసలు ఈ లైన్ సర్కిల్ ఎందుకు కాదు? ముందు నుంచీ ఇంతేనా, మధ్యలో ఎవరైనా మార్చారా? మార్చితే ఎందుకు మార్చారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

గరిటె_లైన్:

తమ్ముడూ, నువ్వు ఒక్కడివే కాదు, ఈ ఊళ్లో దిగిన ప్రతి ఒక్కరికీ ఒకసారి ఇది జరుగుతుంది.

ముందు పని జరిగేది చెప్తా, చరిత్ర వెనకాల వచ్చేవాళ్లు చెప్తారు. సర్కిల్ లైన్ ఇప్పుడు గుండ్రం కాదు, గరిటె. హ్యామర్‌స్మిత్‌లో మొదలవుతుంది, అది కాడ. ప్యాడింగ్టన్, ఎడ్జ్‌వేర్ రోడ్ దాకా వచ్చాక గుండ్రంలోకి దిగుతుంది: బేకర్ స్ట్రీట్, కింగ్స్ క్రాస్, లివర్‌పూల్ స్ట్రీట్, ఆల్డ్‌గేట్, టవర్ హిల్, వెస్ట్‌మిన్‌స్టర్, విక్టోరియా, సౌత్ కెన్సింగ్టన్, నాటింగ్ హిల్ గేట్, మీ బేస్‌వాటర్, మళ్లీ ప్యాడింగ్టన్, మళ్లీ ఎడ్జ్‌వేర్ రోడ్. అక్కడితో ఆఖరు. తిరిగి వెనక్కి అదే దారిన హ్యామర్‌స్మిత్ పోతుంది. అంటే ఒకే బండి ఎడ్జ్‌వేర్ రోడ్‌ని రెండుసార్లు తాకుతుంది, ఒకసారి దారిలో, ఒకసారి ఆఖర్న. ఇక్కడివాళ్లు టీ కప్పు ఆకారం అంటారు, నాకు మాత్రం గరిటెలాగే కనిపిస్తుంది.

ఎడ్జ్‌వేర్ రోడ్‌లో నాలుగు ప్లాట్‌ఫాంలు. 2, 3 లో ఆఖరయ్యే బళ్లు ఆగుతాయి. 1 లో కింగ్స్ క్రాస్ వైపు, 4 లో హ్యామర్‌స్మిత్ వైపు. 1, 2 ఒకే అరుగుకి రెండు పక్కలా, 3, 4 ఇంకో అరుగుకి. నువ్వు 3 లో దిగి, ఎదురుగా ఉన్న 4 లో ఎక్కావు. మెట్లెక్కి వంతెన దాటి 1 కి పోవాల్సింది.

ఇంకోటి, ఎడ్జ్‌వేర్ రోడ్ అని బేకర్లూ లైన్ మీద వేరే స్టేషన్ ఉంది, అది ఇది కాదు. హ్యామర్‌స్మిత్ కూడా రెండు స్టేషన్లు, రోడ్డుకి ఇటొకటి అటొకటి. ఈ ఊళ్లో పేర్లకి కరువొచ్చినట్టుంది.

---

పాత_టైంటేబుల్:

రెండు ప్యాడింగ్టన్‌లు ఎందుకున్నాయో చెప్తే మిగతాదంతా అదే విడిపోతుంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

1863 జనవరి 10న మెట్రోపాలిటన్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా భూగర్భ రైలు నడిపింది. ప్రపంచంలో ప్రయాణికుల కోసం నడిచిన మొదటి భూగర్భ రైలు అదే. ఇప్పటిలా లోతుగా గొట్టంలా తొలిచింది కాదు, రోడ్డుని నిలువునా తవ్వి, పట్టాలు వేసి, మీద కప్పు వేసి పూడ్చేశారు. లోపల నడిచింది కరెంటు బండి కాదు, బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజనే, పెట్టెల్లో గ్యాస్ దీపాలు. ఇది కావాలని ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగిన చార్లెస్ పియర్సన్ అనే లాయరు మొదటి బండి చూడకుండానే 1862లో పోయాడు. నువ్వు రెండోసారి దిగిన ప్యాడింగ్టన్ ఉంది చూడు, 15, 16 ప్లాట్‌ఫాంలు, ఆ 1863 స్టేషన్ స్థలం అది. 1864లో అక్కడి నుంచి హ్యామర్‌స్మిత్‌కి లైన్ వేశారు, అదే ఇప్పటి గరిటె కాడ.

తర్వాత అదే కంపెనీ ఎడ్జ్‌వేర్ రోడ్ పక్క నుంచి దక్షిణంగా ఇంకో కొమ్మ తవ్వి, 1868లో బేస్‌వాటర్, నాటింగ్ హిల్ గేట్, హై స్ట్రీట్ కెన్సింగ్టన్ మీదుగా సౌత్ కెన్సింగ్టన్ చేరింది. ఈ కొమ్మ మీద ప్యాడింగ్టన్ టెర్మినల్‌కి (అంటే బయటి ఊళ్లకి పోయే పెద్ద రైళ్ల స్టేషన్‌కి) ఇంకో పక్క, ప్రేడ్ స్ట్రీట్ వైపు, ఇంకో స్టేషన్ కట్టారు. నువ్వు మొదట దాటింది అది. కాబట్టి ఒక ప్యాడింగ్టన్ 1863 నాటిది, ఇంకోటి 1868 నాటిది. మధ్యలో పెద్ద టెర్మినల్ అడ్డం. ఇప్పటికీ నడిచి మారాల్సిందే.

మీ వీధుల్లోనే దీని గుర్తు ఒకటి ఉంది. లీన్‌స్టర్ గార్డెన్స్ అనే వీధిలో 23, 24 నంబర్ల ఇళ్లు చూడు. ముందు నుంచి చూస్తే పక్కిళ్లలాగే స్తంభాలు, బాల్కనీలు, అన్నీ ఉంటాయి. దగ్గరికి వెళ్తే కిటికీలకి అద్దాలుండవు, ఆ చోట్లో రంగు పూసి ఉంటుంది. తలుపులకి ఉత్తరాలు వేసే సందు ఉండదు. అది ఇల్లు కాదు, ఉత్త గోడ! ఆవిరి ఇంజన్లు పొగ వదలడానికి అక్కడ కప్పు వేయకుండా తెరిచి వదిలేశారు, గొప్పవాళ్ల వీధిలో ఆ గొయ్యి కనపడకూడదని ఇంటి ముఖం ఒకటి కట్టి నిలబెట్టారు. వెనక వీధి నుంచి తొంగి చూస్తే ఆ గోడ వెనకాల కింద మీ సర్కిల్ లైన్ బండే పోతూ కనిపిస్తుంది.

ఇక గుండ్రం సంగతి. దక్షిణం వైపు థేమ్స్ ఒడ్డునున్న ముక్కని వేరే కంపెనీ, డిస్ట్రిక్ట్ రైల్వే, కట్టింది. మొదట ఇద్దరూ కలిసిపోతారనే అనుకున్నారు. కానీ మెట్రోపాలిటన్‌కి ఎడ్వర్డ్ వాట్కిన్, డిస్ట్రిక్ట్‌కి జేమ్స్ స్టాట్స్ ఫోర్బ్స్ పెద్దలుగా వచ్చారు, వాళ్లిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆల్డ్‌గేట్‌కీ మాన్షన్ హౌస్‌కీ మధ్య మిగిలిన చిన్న సందు పూడ్చి గుండ్రం పూర్తి చేయడానికి 1884 అక్టోబర్ 6 దాకా పట్టింది. అంటే మొదటి బండి నడిచాక 21 ఏళ్లు! పూర్తయ్యాకైనా సఖ్యత ఉందా అంటే లేదు. గడియారం ముల్లు తిరిగే వైపు బళ్లు ఎక్కువగా ఒక కంపెనీవి, ఎదురు వైపువి రెండో కంపెనీవి. ఒకరి టికెట్ కౌంటర్‌కి వెళ్తే దగ్గర దారి పక్క కంపెనీది అయినా సరే, తమ బండిలో చుట్టూ తిప్పి పంపే టికెట్ అంటగట్టేవాళ్లు. నాలుగు స్టేషన్ల దూరానికి ఊరంతా ప్రదక్షిణ అన్నమాట.

ఇక అసలు విషయం. 1884లో మొదలుపెట్టినప్పుడు గంటకి 8 బళ్లు వేశారు, చుట్టు 13 మైళ్లు, ఒక్కో చుట్టుకి 81 నుంచి 84 నిమిషాలు అని లెక్క. అది నడవలేదు. మరుసటి ఏడే గంటకి 6 కి తగ్గించారు, తగ్గించాక ఒక చుట్టు 70 నిమిషాల్లో అయింది. బళ్లు తగ్గిస్తే బళ్లు వేగంగా పోయాయి, ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ పనికొస్తుంది. ఇంకో సంగతి ఏంటంటే బండి ఎక్కడా ఆఖరవ్వదు కాబట్టి గార్డుకి దిగే చోటే లేదు. డ్యూటీ మొత్తం మధ్యలో విరామం అనేదే లేకుండా గానుగెద్దులా తిరిగేవాళ్లు. 1885 సెప్టెంబర్‌లో గానీ మూడు విరామాలు, ఒక్కోటి 20 నిమిషాలు, ఇవ్వలేదు. దాదాపు ఏడాది పాటు వాళ్లెలా తట్టుకున్నారో, ఆ పొగలో, నాకైతే ఊహకి అందదు.

1905లో కరెంటు వచ్చింది. అది కూడా తన్నులాటతోనే. జూలై 1న మొదలెడితే మెట్రోపాలిటన్ బళ్లకి కింద కరెంటు అందుకునే షూ డిస్ట్రిక్ట్ వాళ్ల పట్టాల మీద సరిపడక కరెంటు పట్టానే పడదోసింది. బళ్లు ఆపేసి, సరిచేసి, సెప్టెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ నెలాఖరుకి చుట్టు తిరిగే సమయం 70 నుంచి 50 నిమిషాలకి పడిపోయింది. 1933లో కంపెనీలన్నీ ఒకే ప్రభుత్వ బోర్డు కిందకి వచ్చాయి, 1949లో మ్యాప్ మీద సర్కిల్ లైన్ అని విడిగా చూపించారు. అప్పటిదాకా జనం నోట్లో ఇన్నర్ సర్కిల్.

ఈ గుండ్రాన్ని 2009లో తెంపిన సంగతి వేరేవాళ్లు రాయండి, నా టీ చల్లారిపోయింది.

---

పసుపు_గీత:

నేను 2007 నుంచి బేస్‌వాటర్‌లోనే ఉన్నా, కాబట్టి పాత సర్కిల్ చూసినదాన్ని. బాబూ, నువ్వు మ్యాప్ చూసి అనుకున్నది తప్పేం కాదు, రెండేళ్లు నేను సరిగ్గా అలాగే వెళ్లేదాన్ని. బేస్‌వాటర్‌లో ఎక్కితే దిగకుండా కింగ్స్ క్రాస్. చలికాలం గదిలో హీటర్ వేస్తే బిల్లు భయం, అందుకని ఆదివారాలు పుస్తకం పట్టుకుని సర్కిల్ ఎక్కి ఒక చుట్టు తిరిగి ఎక్కిన చోటే దిగేదాన్ని. నాలాంటి వాళ్లు ఇంకా ఉండేవాళ్లు, ఒకరి ముఖాలు ఒకరం గుర్తుపట్టేవాళ్లం, మాట్లాడుకున్నది మాత్రం లేదు.

2008 మే 31 రాత్రి గుర్తుందా ఎవరికైనా? మర్నాటి నుంచి రైళ్లలో మందు తాగడం నిషేధం అని కొత్త మేయర్ బోరిస్ జాన్సన్ చెప్పాడు. ఆఖరి రాత్రి కదా అని వేల మంది సీసాలు పట్టుకుని ఎక్కిన లైన్ ఏదనుకున్నారు? సర్కిల్ లైనే. ఎందుకంటే అది ఆఖరవ్వదు, ఎవరూ దింపరు! ఆ రాత్రి కొన్ని స్టేషన్లు మూసేయాల్సి వచ్చింది. నేను మాత్రం బుద్ధిగా ఇంట్లో ఉన్నా, పొద్దున్న వార్తల్లో చూశా.

2009 డిసెంబర్ 13న మార్చేశారు. గుండ్రాన్ని ఎడ్జ్‌వేర్ రోడ్ దగ్గర తెంపి, ఒక కొస తీసుకెళ్లి హ్యామర్‌స్మిత్ లైన్‌కి కట్టారు. 27 స్టేషన్ల లైన్ 36 అయింది. పేరు మాత్రం మార్చలేదు. మర్నాడు సోమవారం, అలవాటు ప్రకారం ఎక్కి నేనూ నీలాగే ఎడ్జ్‌వేర్ రోడ్‌లో దిగి దిక్కులు చూశా, నాతోపాటు పెట్టెడు మంది.

టైమింగ్ బాగుపడిందనీ, అటు హ్యామర్‌స్మిత్ వాళ్లకి బళ్లు పెరిగాయనీ అందరూ అంటారు. అవుననే ఒప్పుకుంటా. కానీ వాళ్లకి పెరిగినవి మాకు తరిగాయి. పిల్లాడు పుట్టాక స్ట్రోలర్‌తో 3 లో దిగి ఆ మెట్లెక్కి, వంతెన దాటి, 1 లోకి దిగడం, ఒక చేత్తో స్ట్రోలర్, ఇంకో చేత్తో పాల సీసా బ్యాగు... దిగేసరికి ఎదురుగా తలుపులు మూసుకుంటున్న చప్పుడు. ఎవరో ఒకరు ముందు చక్రాలు పట్టుకుని సాయం చేసేవాళ్లు, అది మాత్రం చెప్పాలి. బేస్‌వాటర్, నాటింగ్ హిల్, హై స్ట్రీట్ కెన్సింగ్టన్ వాళ్లకి ఉత్తరం వైపు నేరుగా పోయే బండి పోయింది, అది ఇప్పటికీ రాలేదు. లెక్కల్లో ఈ మెట్లు ఎక్కడా కనపడవు.

---

గడియారం_ముల్లు:

అక్కా, మెట్ల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ నేను టైంటేబుల్ పని చేసేవాణ్ని (ఈ లైన్ కాదు, వేరే దేశంలో వేరే రైళ్లు), కాబట్టి ఆ తెంపడం ఎందుకు తప్పలేదో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

బయటి నుంచి చూస్తే గుండ్రం లైన్ నడపడమంత తేలిక ఇంకోటి లేదనిపిస్తుంది, తిరుగుతూనే ఉంటుంది కదా అని. నిజానికి నడిపేవాడికి అదొక నరకం. లెక్క చూడండి. ఒక చుట్టు సరిగ్గా గంట అనుకుందాం, బండికీ బండికీ మధ్య 10 నిమిషాలు, అంటే ఒక దిశలో 6 బళ్లు. పొద్దున 8 గంటలకి ఒక బండి తలుపులో ఎవరిదో బ్యాగు ఇరుక్కుని 4 నిమిషాలు పోయాయి. ఇప్పుడు దాని ముందున్న ఖాళీ 14 నిమిషాలు, వెనక బండితో ఖాళీ 6 నిమిషాలు. ముందు స్టేషన్లలో 14 నిమిషాల జనం పోగై ఉంటారు, అందరూ ఈ బండిలోకే తోసుకుంటారు, ఎక్కడానికి ఎక్కువసేపు, ఇంకో అర నిమిషం, ఇంకో అర నిమిషం. వెనక బండి ఖాళీగా తోక పట్టుకుని వస్తుంది. బస్సుల్లో చూస్తుంటాం కదా, అరగంట ఒక్కటీ రాదు, వస్తే మూడు ఒకేసారి, అదే ఇది.

ఆఖరి స్టేషన్ ఉన్న లైన్ అయితే ఈ రోగానికి మందు అక్కడే ఉంటుంది. ఆఖర్న బండి 8 నిమిషాలు ఆగాలని టైంటేబుల్లో రాస్తాం. 4 నిమిషాలు లేటుగా వస్తే 4 నిమిషాలే ఆగి సమయానికి బయల్దేరుతుంది. డ్రైవర్ మారతాడు, కాలకృత్యాలు తీర్చుకుంటాడు, లేటు అక్కడితో చచ్చిపోతుంది. గుండ్రంలో లేటు చావదు. 8 గంటల లేటు 9 గంటలకి మళ్లీ అదే స్టేషన్‌కి వస్తుంది, ఇంకాస్త బలిసి వస్తుంది. దాన్ని చంపాలంటే మిగతా ఐదు బళ్లని కూడా ఎక్కడో ఒకచోట తలుపులు తెరిచి ఆపి, ఖాళీలు సమం చేయాలి. పాత సర్కిల్‌లో ఊరికే స్టేషన్‌లో కూర్చున్న బళ్లు చాలావరకు అవే. లేదంటే బండిని మధ్యలో పక్కకి తప్పించాలి, అంటే అందులో ఉన్నవాళ్లని దింపేయాలి.

మరి గ్లాస్గోలో గుండ్రం నడుస్తోంది కదా, టోక్యోలో యమనోతే నడుస్తోంది కదా అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. గ్లాస్గోది 1896 నాటిది, 15 స్టేషన్లు, రెండు దిశలకీ విడి పట్టాలు, వేరే లైన్ ఏదీ దాని జోలికి రాదు. యమనోతేకి తన సొంత పట్టాలున్నాయి, పైగా అక్కడ కూడా ఒసాకి స్టేషన్‌లో డ్రైవర్లు మారతారు, కొన్ని బళ్లు అక్కడ మొదలై అక్కడే ఆగిపోతాయి, అంటే పైకి గుండ్రమే అయినా లోపల ముడి ఉంది. లండన్ సర్కిల్‌కి అచ్చంగా తనదనే పట్టా రెండే రెండు చిన్న ముక్కలు: హై స్ట్రీట్ కెన్సింగ్టన్‌కీ గ్లౌస్టర్ రోడ్‌కీ మధ్య ఒకటి, ఆల్డ్‌గేట్‌కీ టవర్ హిల్‌కీ మధ్య ఒకటి. మిగతాదంతా అద్దె కొంపే. ఉత్తరాన మెట్రోపాలిటన్, హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ అనే లైన్లతో పంచుకోవాలి, దక్షిణాన డిస్ట్రిక్ట్ లైన్‌తో. కలిసే చోట్లు కూడా ఒకదాని మీదుగా ఒకటి పోయే వంతెనలు కావు, ఒకే నేల మీద పట్టాలు కోసుకుంటాయి. ఒక బండి అడ్డంగా దాటుతుంటే ఎదురు దిక్కుది ఆగాల్సిందే. డిస్ట్రిక్ట్‌లో ఎక్కడో దూరాన చిన్న ఆలస్యం మొదలైతే అది సర్కిల్ బండికి అంటుకుంటుంది, సర్కిల్ దాన్ని మోసుకెళ్లి ఊరవతల మెట్రోపాలిటన్‌కి అంటిస్తుంది. జలుబు చేసిన పిల్లాడు క్లాసులన్నీ తిరిగినట్టు.

పాత_టైంటేబుల్ గారు చెప్పిన 1884 లెక్క చూడండి, గంటకి 8 నడవలేదు, 6 నడిచింది. 2009లో మార్చినప్పుడు పెట్టింది కూడా గంటకి 6 ఏ. హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ బళ్లు 6, కాడ మీద రెండూ కలిసి 12, అంటే హ్యామర్‌స్మిత్ వైపు వాళ్లకి దాదాపు రెట్టింపు. అక్కడ డిపో కూడా ఉంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. మూడో పిట్ట మాత్రం పసుపు_గీత అక్క స్ట్రోలర్.

---

సెంట్రల్_లైనే_మేలు:

ఆఖరి స్టేషన్ ఇస్తే లేటు చచ్చిపోతుందంటున్నారు, మరి ఆ పట్టాలు కోసుకునే జంక్షన్లు అలాగే ఉన్నాయి కదా? ఇల్లు కూలుతుంటే గుమ్మానికి రంగేసినట్టు లేదూ? ఇంకోటి, "ఎప్పుడూ ఆగని లైన్" అన్నట్టు రాస్తున్నారు, అది కూడా కాదు. 2005 జూలై 7న రైళ్లలో పేలిన మూడు బాంబుల్లో రెండు సర్కిల్ లైన్ బళ్లలోనే, ఒకటి ఆల్డ్‌గేట్ దగ్గర, ఒకటి ఈ ఎడ్జ్‌వేర్ రోడ్ దగ్గరే. ఆ తర్వాత ఆగస్టు 4 దాకా ఆ లైన్ నడవలేదు.

---

పాత_టైంటేబుల్:

2005 సంగతి గుర్తుచేసినందుకు థాంక్స్, నేను రాయాల్సింది.

జంక్షన్ల గురించి అడిగింది సబబే. 2009 మార్పు సగం పనే. మిగతా సగం తర్వాత జరిగింది. 2013 నుంచి కొత్త బళ్లు వచ్చాయి, ఏసీ, ఏడు పెట్టెలు, ఈ చివర నుంచి ఆ చివరకి లోపలే నడిచి పోవచ్చు. అంతకుముందువి ఆరు పెట్టెలు, 1970లో మొదలైన రకం, 2014లో పూర్తిగా వెళ్లిపోయాయి. కొత్తవి ఎంత పొడుగంటే కొన్ని పాత స్టేషన్లలో ప్లాట్‌ఫాం చాలదు, చివరి తలుపులు తెరుచుకోవు, ముందే అనౌన్స్ చేస్తారు. కొత్తకాపూ, పాటలు తగ్గించి వినడానికి ఇదో కారణం.

అంతకన్నా పెద్దది సిగ్నళ్లు. ఎడ్జ్‌వేర్ రోడ్‌లో 1926 నాటి సిగ్నల్ క్యాబిన్, మనిషి చేత్తో లివర్లు లాగే రకం, మొన్నమొన్నటిదాకా పనిచేసింది! మూడు లైన్ల బళ్లు కలిసే చోట! పాత పద్ధతిలో పట్టాని ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్కలో ఒక బండి ఉంటే వెనకది ఆ ముక్క ఖాళీ అయ్యేదాకా రాకూడదు. కొత్త పద్ధతిలో ప్రతి బండీ తానెక్కడుందో రేడియోలో చెప్తూ ఉంటుంది, కంప్యూటర్ ఎంత దగ్గరగా పోవచ్చో లెక్కగట్టి బండిని అదే నడుపుతుంది, డ్రైవర్ తలుపులు చూసుకుని బయల్దేరమంటాడు. 2019లో హ్యామర్‌స్మిత్ వైపు చిన్న ముక్కతో మొదలుపెట్టి ఒక్కో ముక్కా మారుస్తూ వచ్చారు. పట్టాలు ఇప్పటికీ కోసుకుంటూనే ఉన్నాయి, కాకపోతే ఎవరు ముందు దాటాలో నిర్ణయించేది ఇప్పుడు మొత్తం లైన్‌ని ఒకేసారి చూడగలదు. క్యాబిన్‌లో మనిషికి తన కిటికీ ముందు వచ్చే బండే కదా కనిపించేది.

వాట్కిన్, ఫోర్బ్స్ ఇద్దరూ కలిసి ఒక్క కంపెనీ అయి ఉంటే జంక్షన్లు ఇలా కట్టేవాళ్లా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. బహుశా ఇలాగే కట్టేవాళ్లేమో, డబ్బులెవరికి ఊరికే వచ్చాయి గనక.

---

లండన్_కొత్తకాపు:

అందరికీ దండాలు. చెత్త ప్రశ్న అనుకుంటారేమో అని భయపడుతూ అడిగా, ఇంత వస్తుందనుకోలేదు.

ఇవాళ రెండు పనులు చేశా. పొద్దున లీన్‌స్టర్ గార్డెన్స్ వెళ్లా. మా ఇంటి నుంచి ఐదు నిమిషాలు, ఆరు వారాలుగా ఆ వీధిలోంచే సామాన్లు మోసుకొస్తున్నా, ఒక్కసారి కూడా గమనించలేదు! 23 తలుపు దగ్గర నిలబడి కిటికీల వంక నోరు తెరుచుకుని చూస్తుంటే పక్క హోటల్ నుంచి సూట్‌కేసు లాక్కుంటూ ఒకాయన వచ్చి, ఇక్కడే బస చేస్తున్నావా అని అడిగాడు. ఇది గోడండీ అంటే నమ్మలేదు, వెళ్లి వేలితో కిటికీ తట్టి చూసుకున్నాడు. తర్వాత వెనక వీధికి వెళ్లి తొంగి చూశా. గోడని కర్రల్లాంటి దిమ్మెలు అడ్డంగా పట్టుకుని ఉన్నాయి, కింద గొయ్యి. రెండు నిమిషాలు ఆగితే బండి పోయింది, మీదున్న కాకులు లేచాయి.

సాయంత్రం కావాలనే పెట్టె లేకుండా బేస్‌వాటర్‌లో ఎక్కి, పాటలు ఆపి, ఎడ్జ్‌వేర్ రోడ్‌లో దిగా. ఈసారి బండి 2 లో ఆగింది. ఎదురుగా 1. ఆరడుగులు వేశా అంతే, మెట్లు లేవు, వంతెన లేదు, నిమిషంలో బండి వచ్చింది, కింగ్స్ క్రాస్‌లో దిగా. ఏ ప్లాట్‌ఫాంలో ఆగుతుందో ముందే తెలుసుకునే ఉపాయం ఏమైనా ఉందా?

---

పసుపు_గీత:

లేదు బాబూ. పదిహేనేళ్ల పైనే చూస్తున్నా. 2 వస్తే అదృష్టం, 3 వస్తే వ్యాయామం.